జూన్ ఒకటిన పుట్టించిన పిల్ల

మే నెల పదమూడు, మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. చింతపండులో గింజలు తీస్తూ ఉంటే ఫోన్ మోగింది. చేసింది నా కూతురి కూతురు. పదిహేడేళ్ళలోపు ఆడపిల్లల జాతీయ ఫుట్‌బాల్ జట్టు శిబిరానికి పోయి అప్పటికి పదిహేను రోజులు. ముప్ఫై అయిదు మందిని పిలిచి ఇరవై ఆరుకు తగ్గించారు. ఆ ఇరవై ఆరులో ఈమె ఉంది. వాళ్ళలో ఇరవై ముగ్గురు ఆసియా పోటీల అర్హత మ్యాచ్‌లకు పరాయి దేశం పోతారు.

"అమ్మమ్మా, నేను ఎప్పుడు పుట్టినాను?"

"ఏందే ఆ అడగడం? జనవరి పంతొమ్మిది."

"మరి ఆధార్‌లో, టెన్త్ మెమోలో జూన్ ఒకటి అని ఉండాదే. అదీ ముందు సంవత్సరం. పాస్‌పోర్టు పని చూసే మేడమ్ నేను రాసిన ఫారమూ అవీ పక్కపక్కన పెట్టి అడగతా ఉంది. ఏది నిజం?"

ఆ జూన్ ఒకటి రాసింది నేనే.

మైపాడు దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. అడ్మిషన్ రిజిస్టరు నా చేతిలోనే ఉండేది. అయిదేళ్ళు నిండితేగాని ఒకటో తరగతిలో చేర్చుకోకూడదు. తల్లులు రొయ్యల ఫ్యాక్టరీకి పోవాలి, పిల్లను చూసేవాళ్ళు ఉండరు. నాలుగున్నరేళ్ళ పిల్లను తెచ్చి "రాసుకో టీచరమ్మా" అనేవాళ్ళు. అలాంటి పిల్లలందరికీ మేం రాసే తారీఖు ఒకటే, జూన్ ఒకటి. బడి తెరిచేనాటికి అయిదు నిండుతాయి, ఎవరూ అడగరు. నా మనవరాలు చేరిన సంవత్సరం ఒకటో తరగతిలో పదిహేడు మంది ఉంటే పదకొండు మంది జూన్ ఒకటినే పుట్టారు. అందులో ఈమె ఒకతె. అప్పటికి ఆమెకు నిజంగా నాలుగేళ్ళ నాలుగు నెలల ఇరవై నాలుగు రోజులు. నా కూతురు కూడా ఫ్యాక్టరీలోనే చేసేది.

పిల్ల ఇంట్లోనే పుట్టింది. పంచాయతీలో అప్పుడు రాయించలేదు. తర్వాత రాయించినప్పుడు బడి కాగితమే చూపించాం. ఆధార్‌కూ అదే. ఆ ఒక్క అబద్ధానికి ఇన్ని పిల్లలు పుట్టాయి. నిజమైన తారీఖు రెండు చోట్లే ఉంది. మా ఇంటి బైబిలు మొదటి పేజీలో నా చేతిరాతతో, గంట నిమిషాలతో సహా. చర్చిలో బాప్తిస్మం రిజిస్టరులో. రాష్ట్ర జట్టు ఎంపికకు ఫారం నింపేటప్పుడు పిల్ల నేను నేర్పిన నిజం తారీఖే రాసింది. చర్చి సర్టిఫికెట్ జతచేసింది. అప్పటికి అది చాలునన్నారు.

ఆ జట్టుకు ఒక గీత ఉంది. ఫలానా సంవత్సరం జనవరి ఒకటికి ముందు పుట్టినవాళ్ళు పనికిరారు. నిజం లెక్కలో నా మనవరాలు గీతకు పద్దెనిమిది రోజులు ఇవతల. కాగితం లెక్కలో ఏడు నెలలు అవతల. శిబిరంలో మణికట్టుకు ఎక్స్‌రే కూడా తీశారు, వయసు లోపలే ఉందని వచ్చింది. అది ఎక్కువ వయసు వాళ్ళను వెనక్కి పంపించడానికే గాని, కాగితాన్ని దిద్దడానికి కాదన్నారు.

మే ముప్ఫై లోపు సరైన కాగితాలు ఇవ్వాలి. నా చేతిలో పదిహేడు రోజులు.

పద్నాలుగున చర్చికి పోయి అయ్యగారి దగ్గర కొత్త సర్టిఫికెట్ తీసుకున్నాను. పదిహేనున బడికి పోతే తాళం. వేసవి సెలవులు. రిజిస్టరు బీరువాలో, తాళంచెవి హెడ్‌మాస్టర్ దగ్గర, హెడ్‌మాస్టర్ అత్తగారి ఊళ్ళో. నాలుగు రోజులు ఫోన్లు చేస్తే పంతొమ్మిదిన వచ్చాడు. ఆ పేజీ తీసి చూపించాడు. నా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఒక్క కొట్టివేత లేదు.

"మీరు రాసిందే కదా టీచరమ్మా, తప్పని మీరే రాసివ్వండి" అన్నాడు.

రాసిచ్చాను. 'తెలిసే తప్పు తారీఖు వేశాను' అని. సంతకం, తేదీ, పాత హోదా.

ఇరవై ఒకటిన ఆ కాగితం పట్టుకుని ఇందుకూరుపేటలో మండల విద్యాశాఖ ఆఫీసుకు పోయాను. గుమాస్తా చదివి నవ్వాడు.

"నాదీ జూన్ ఒకటే టీచరమ్మా. మా అన్నదీ, మా వదినదీ. ఆ రోజు మా ఇంట్లో కేకుకు చాకు దొరకదు."

"నవ్వబాకయ్యా. పిల్ల బతుకు."

"బడి పుస్తకం దిద్దితే సరిపోదమ్మా. టెన్త్ మెమో వచ్చేసింది గదా. ఇంక దాన్ని దిద్దాలంటే కోర్టు ఆర్డరు కావాల. తొమ్మిదిలో ఉన్నప్పుడు వచ్చి ఉంటే చేసేవాళ్ళం."

ఒక సంవత్సరం ముందు చేర్చాను కాబట్టే ఒక సంవత్సరం ముందు టెన్త్ అయింది. దిద్దుకునే గడువులో కూడా ఒక సంవత్సరం నేనే తినేశాను.

ఇరవై మూడున నెల్లూరులో వకీలును కలిశాను. కోర్టులకు వేసవి సెలవులన్నాడు. ఎంత తొందరపెట్టినా మూడు నెలలన్నాడు. ముప్ఫైన పిల్లను ఇంటికి పోవచ్చునన్నారు. ఎవరూ తిట్టలేదట. కోచ్ తల నిమిరిందట.

రెండు రాత్రులు రైల్లో కూర్చుని ఇల్లు చేరింది. ఆ రోజు జూన్ ఒకటి, ఆదివారం. నేను చర్చి నుంచి వచ్చేసరికి గుమ్మంలో బ్యాగు మీద కూర్చుని ఉంది.

"కేకు తెచ్చినావా అమ్మమ్మా? ఈ రోజు గదా నువ్వు నన్ను కనింది."

అన్నం పెట్టాను. తినింది. చేయి కడుక్కుంటూ అడిగింది.

"మా క్లాసులో లెక్క తప్పయితే అర మార్కు కూడా వేసేదానివి కాదే. ఒక్క అంకె పోయినా సున్నా అనేదానివి. నీ లెక్కకు ఎంత వేస్తావు?"

"ఆ రోజు నిన్ను ఎవరి దగ్గర వదిలేదే?" అన్నాను. అది నిజమే. అయినా జవాబు కాదని అంటూ ఉండగానే తెలిసింది. పక్కింటి ముసలామె ఖాళీగానే ఉండేది. నేనే అడగలేదు. రాయడం తేలిక కాబట్టి రాశాను.

మ్యాచ్‌లు ఫోన్‌లో చూశాం. మొదటిదాంట్లో జాతీయ గీతం వస్తుంటే పిల్ల వంటింట్లో లేచి నిలబడింది. అయిపోగానే సముద్రం ఒడ్డు ఇసకలోకి పోయింది, ఆట చూడలేదు. ఒకటి ఓడారు, ఒకటి సమం చేశారు, ఒకటి గెలిచారు. అర్హత రాలేదు. ఈమె ఉంటే వచ్చేదని నేను అనను. అలా అనడానికి లెక్క లేదు.

పోయినవి ఇవి. శిబిరంలో ఆడిన రోజులు, ముప్ఫై రెండు. మూడో నంబరు చొక్కా, ఒకటి. ఆడవలసిన మ్యాచ్‌లు, మూడు. ఈ వయసు జట్టులో మిగిలిన అవకాశాలు, సున్నా. జనవరి పంతొమ్మిది, ఒకటి. ఇప్పుడు ఎవరడిగినా జూన్ ఒకటి అనే చెబుతుంది, నా ముందే.