బువ్వ తింటేనే తిన్నట్టు

పెద్దమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను రఘునాథపల్లిలో, నేను చదువు చెప్పే బడిలో, పిల్లల మధ్యాహ్న భోజనం దగ్గర నిలబడి ఉన్నాను. ఫోన్‌లో అమ్మ. “అక్క పోయింది బిడ్డా” అన్నది. ముక్కు చీదుకుని అడిగింది: “తిన్నవా? తినకుంటె తినే బయల్దేరు. గీడికొస్తె మల్ల ఎప్పుడు తింటవో.”

తినలేదన్నాను. అంతకుముందే అరటిపండు, బిస్కెట్లు తిన్నాను. మా ఇళ్లలో దాన్ని తినడం అనరు.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. ఆమె భర్త, మా పెద్దబాపు, భూపాలపల్లిలో బొగ్గుబావి కార్మికుడు. వాళ్లకు పిల్లలు లేరు. మా ఊరు నర్సింహులపేటలో మంచి బడి లేదని అమ్మ నన్ను వాళ్ల దగ్గర ఉంచి కాన్వెంటులో వేసింది. కార్మికుల క్వార్టర్ వంటగదిలో, బియ్యం డబ్బాకు ఆనుకుని కూర్చుని నేను చదువుకున్నాను. నేను ఎక్కువ మాట్లాడను. పెద్దమ్మ మాట్లాడించేది కూడా కాదు. చదువుతున్నంతసేపూ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరేది.

చిన్నప్పుడు ఆమె, అమ్మ గట్క తిని పెరిగారు. జొన్నలు పగలేసి ఉడికిస్తే అయ్యేది గట్క. బియ్యం పండుగలకే. ఇద్దరూ ఊళ్లో వాళ్ల పొలాల్లో నాట్లు వేసి, సాయంత్రం ఇంటికి వచ్చి గట్క తినేవారు. “ఏసిన చేతులు మావి, తిన్న చేతులు వేరే” అనేది పెద్దమ్మ, కోపం లేకుండా. కాపురానికి వచ్చిన కొత్తలో, అన్నం వండిన గిన్నె మూత తీసి ఊరికే చూస్తూ కూర్చునేదట. “గప్పుడు మీ పెద్దబాపు నాకు పిచ్చి వట్టిందనుకున్నడు” అని నవ్వేది.

అంత ఇష్టమైన అన్నాన్ని కూడా ఆయన తినకముందు ముట్టేది కాదు. ఆయన మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి వచ్చేసరికి మధ్యాహ్నం దాటేది. అప్పటిదాకా ఆకలి ఆగాలి కదా. పొద్దున్నే గ్లాసు నిండా చక్కెర చాయ్, అందులో విరిచి వేసిన మురుకులు. నాకూ ఒక గ్లాసు. అవి మెత్తబడ్డాక చెంచాతో తినేవాళ్లం.

కాన్వెంటులో ఒకసారి ప్రార్థన వేళ నాకు కళ్లు తిరిగాయి. ఏం తిన్నావని సిస్టర్ అడిగితే, తినలేదు సిస్టర్ అన్నాను. ఆమె కంగారుగా బ్రెడ్డు, పాలు తెప్పించింది. ఇంటికి వచ్చి చెబితే పెద్దమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. “తినలేదంటె బ్రెడ్డు పెట్టిందా! గదేం తిండే? బువ్వ తింటెనే తిన్నట్టు. మిగిలిందంత నోరాడిచ్చుడు.”

పెద్దబాపు రిటైరయ్యాక క్వార్టర్ వదిలేసి రెండు గదుల కిరాయి ఇంట్లోకి మారారు. ఆ తర్వాతే ఆమెకు షుగరు బయటపడింది. కాలి పుండు మానక రెండు వేళ్లు తీసేశారు. అన్నం తగ్గించి జొన్నరొట్టె తినమన్నాడు డాక్టరు.

“ఎందుకు సారూ, మల్ల గరీబోళ్లం కావాల్నా?” అన్నదట పెద్దమ్మ.

అయినా పెద్దబాపు జొన్నల కోసం బజారుకు వెళ్లాడు. ధర విని ఖాళీ సంచితో తిరిగి వచ్చాడు. రేషను బియ్యం ఇంట్లోనే ఉన్నాయి. “సూసినవా,” అన్నది పెద్దమ్మ నాతో, “గప్పుడు బియ్యం కొనలేక జొన్నలు తింటిమి. గిప్పుడు జొన్నలు కొనలేక బియ్యం తింటున్నం.” ఈసారి నవ్వలేదు.

రక్తపరీక్షకు ఏమీ తినకుండా రమ్మనేవారు. ఒకసారి సెలవుల్లో నేనూ వెంట వెళ్లాను. “తిన్నవా అమ్మా?” అని నర్సు అడిగింది. “తినలే బిడ్డా. రాత్రి తిన్నదే” అన్నది పెద్దమ్మ. అబద్ధం ఆడడం ఆమెకు రాదు. ఏమీ తినకుండానే ఇంత షుగరా అని డాక్టరు తల ఊపి, షుగరు తగ్గించే సూది మందు పెంచాడు. ఆ తర్వాత కూడా పెంచుతూనే పోయారు.

పోయిన నెల ఆమెకు జ్వరం వచ్చి వాంతులయ్యాయి. ఆ పొద్దున చాయ్ కూడా వద్దన్నది. సూది మాత్రం మానవద్దని డాక్టరు చెప్పాడు కనుక, ఎప్పటిలాగే వేసుకుని పడుకున్నది. పెద్దబాపు ఎంత లేపినా లేవలేదు.

వరంగల్లు దవాఖానలో నేను చేరేసరికి ఒక యువ డాక్టరు పెద్దబాపును అడుగుతున్నాడు.

“షుగరు మొత్తం పడిపోయింది. సూదికి ముందు ఏమన్నా తిన్నదా?”

“తినలే సారూ.”

“చాయ్ కూడా తాగలేదా?”

“లేదు. దినాం అయితె తినకముందు చాయ్ల మురుకులు ఏసుకుంటది. ఆ పొద్దు గది గూడ ముట్టలే.”

డాక్టరు తల ఎత్తాడు. “దినాం అంటే? పరీక్షకు పోయిన దినం కూడానా?”

“ఆఁ. తినకనే పోతుండె. చాయ్, మురుకులే.”

“అది తినడం కాదా పెద్దాయనా?”

పెద్దబాపు ఆయన ముఖంలోకి చూశాడు. “గది తినుడెట్లయితది సారూ?”

డాక్టరు పాత పరీక్ష కాగితాలను, వాటిని చూసి పెంచుతూ పోయిన సూది లెక్కను ఒకసారి తిరగేశాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. అతని మాటల యాసను బట్టి అతనిదీ మా వైపే అనిపించింది. వాళ్ల ఇంట్లోనూ ఆ మాటకు ఇదే అర్థమై ఉంటుంది. పెద్దమ్మ మళ్లీ కళ్లు తెరవలేదు. నేను తిరిగి బడికి వెళ్లిన నాలుగో రోజున అమ్మ ఫోను వచ్చింది.

ఆమె నాకు నీతులేమీ చెప్పలేదు. ఎవరు గడప తొక్కినా మొదట అడిగే మాట ఒకటే: తిన్నవా? ఇరుగుపొరుగు వాళ్లనూ, కరెంటు బిల్లు ఇచ్చే మనిషినీ అదే అడిగేది. లేదంటే పెట్టేది. ఆకలితో పెరిగిన మనిషికి ఇంకొకరి గురించి తెలుసుకోవలసింది అంతకుమించి ఏముంటుంది? అవతలి మనిషి ఏ అర్థంతో అడుగుతున్నాడోనన్న అనుమానం మాత్రం ఆమెకు ఎన్నడూ రాలేదు.

మూడోనాడు పిట్టకు పెట్టాం, పోయినవాళ్లే కాకిగా వచ్చి తింటారని. అమ్మ విస్తరిలో అన్నం కుప్పగా పోసి, మీద కూర వేసింది. పెద్దబాపు ఇంట్లోకి వెళ్లి చాయ్ గ్లాసుతో వచ్చాడు. మురుకులు అందులో విరిచి వేసి, కొన్ని విస్తరి అంచున పెట్టాడు. మేమంతా దూరం జరిగి నిలబడ్డాం.

ఒక కాకి గోడ మీద వాలింది. చాలాసేపు అటూ ఇటూ చూసింది. దిగి వచ్చి, విస్తరి అంచున ఉన్న మురుకు ముక్కను ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. నేను ఇంట్లోకి కదలబోయాను.

అమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. “జర ఆగు బిడ్డా. ఇంక తినలే.”

ఎండ ముదురుతోంది. విస్తరిలో అన్నం ఆరుతోంది. మేమంతా గోడ వైపు చూస్తూ నిలబడ్డాం.