ఆ పులుసు అడిగింది నేనే

మెట్టకూరు అవతల మా సంఘం చేపలు పట్టుకునే మంచినీటి చెరువుకి పచ్చ సర్టిఫికెట్ రాకపోవడానికి మా మేనమామే కారణమని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. కాదు. కారణం నేను. అప్పట్లో సంఘానికి కార్యదర్శిని నేనే.

రెండువేల సంవత్సరం దాటాక కొన్నాళ్ళకు, పిల్లచేపల్ని వదిలేసి పెద్దవి మాత్రమే పట్టే చెరువులకు అలాంటి సర్టిఫికెట్ ఇస్తారని, అది ఉంటే పెద్ద ఊళ్ళ దుకాణాలు మన చేపే అడుగుతాయని తెలిసింది. చిన్న కన్నుల వలలు మానేద్దామని మొదట అన్నది మావయ్యే. తన వల తనే ఒడ్డున తగలబెట్టాడు. మిగతావాళ్ళం చప్పట్లు కొట్టి, మా వలలు అటకెక్కించాం.

ఎండాకాలంలో తనిఖీకి బెంగళూరు నుంచి ఒకావిడ వచ్చారు. ఆవేళ మావాళ్ళ భక్తి చూడాలి. వలలో పడ్డ ప్రతి పిల్లచేపనీ రెండు చేతులతో ఎత్తి, ఆవిడ ఇటు తిరిగేదాకా ఆగి, నీళ్ళలోకి వదిలారు. ఒకాయన "వెళ్ళిరా తల్లీ" అని సాగనంపాడు కూడా. ఆవిడ టిక్కులు పెట్టుకుంటూ పోయారు.

భోజనం మా ఇంట్లో. అతిథికి పెద్ద చేప ముక్క పెట్టడం మా ఇంట మామూలు మర్యాద. వేలెడంత పిల్లచేపల్ని చింతపులుసులో దగ్గరగా ఉడికించి పెట్టడం అసలు మర్యాద. అది లేకపోతే పరువు తక్కువని నాకు తోచింది. అందుకే ముందురోజే అటక మీది నా వల దింపి మావయ్య చేతికిచ్చాను.

"పిల్లచేపలు పట్టట్లేదని చెప్పి, ఆవిడకి అయ్యే పెడతావేంటల్లుడూ?"

"పులుసులో పడ్డాక ఆవిడకేం తెలుస్తుంది మావయ్యా."

"నాకిష్టం లేదు."

"కార్యదర్శిగా చెప్తున్నాను."

ఆయన మొహం చిట్లించుకుంటూ వెళ్ళి తెచ్చాడు.

మర్నాడు విస్తరి ముందు కూర్చున్న ఆవిడ పులుసు రుచి చూసి, అప్పటిదాకా ఇంగ్లీషే మాట్లాడిన మనిషి, "చాలా బాగుందండి, మా అమ్మమ్మది కాకినాడ" అన్నారు. తర్వాత సంచిలోంచి స్కేలు తీసి, ఒక చేపను విస్తరి అంచున పడుకోబెట్టి కొలిచారు.

"ఇవెక్కడివండి?"

"గోదావరివండి" అన్నాను.

"ఎండాకాలం సముద్రం ఎగదన్ని ఇక్కడ గోదావరి ఉప్పు కదండీ. మంచినీళ్ళలో పెరిగే శీలావతి చేపపిల్ల అందులో ఎలా బతికింది?"

బంతిలో కూర్చున్న సంఘంవాళ్ళందరి చేతులూ ఆగిపోయాయి. నా చెయ్యి మాత్రం మావయ్య వైపు లేచింది. "ఆయన తెచ్చారండి. పెద్దాయన, చెప్తే వినరు."

"ఆయ్, నేనే తెచ్చానమ్మా" అన్నాడు మావయ్య. మిగతాది నేను చెబుతానని నా వైపు చూశాడు. నేను మా ఆవిడను మజ్జిగ తెమ్మన్నాను.

సర్టిఫికెట్ రాలేదు. మావయ్య ఆ ఏడాదంతా చెరువులోకి దిగకూడదని సంఘం తీర్మానించింది. ఆ తీర్మానం రాసింది నేనే. ఆయన పడవ ఒడ్డున బోర్లా పడి ఉంటే, ఆయన గాలం పట్టుకుని దరియాలతిప్ప వైపు గోదావరి ఉప్పునీళ్ళ ఒడ్డున కూర్చునేవాడు.

రెండు నెలలకు ఇక ఉండబట్టలేక, మీటింగులో లేచి ఉన్నదంతా చెప్పాను. వల నాదన్నాను, పులుసు అడిగింది నేనన్నాను.

"మేనమామ కోసం నింద తన నెత్తినేసుకుంటున్నాడు," అన్నాడు సంఘం ప్రెసిడెంటు కుర్చీలోంచి లేస్తూ. "ఈ రోజుల్లో ఎవడండీ ఇలా చేసేది?"

తీర్మానం మార్చలేదు. నాకు కండువా కప్పారు.

దాన్ని తియ్యడం కూడా మరిచి తిన్నగా మావయ్య దగ్గరికి పోయాను.

"పడవ దింపుకోమన్నారా?" అన్నాడు.

"లేదు మావయ్యా."

"మరి నీకెందుకు కప్పారు?"

జరిగింది చెప్పాను. ఆయన గాలం పైకి తీసి, ఎర చూసి, మళ్ళీ నీళ్ళలోకి విసిరాడు.

"ఈసారి కాయితం మీద రాయి అల్లుడూ," అన్నాడు. "నోటితో చెప్పినప్పుడల్లా నువ్వు ఇంకాస్త మంచోడివైపోతున్నావ్."