రెండో నంబరు క్వార్టర్‌బ్యాక్‌కి మా మావగారు వేసిన మార్కులు

పోయిన ఆదివారం నోవై అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో భోజనాలయ్యాక అల్లుడు టీవీ పెట్టాడు. ఎవరో అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ బోలెడు మైకుల ముందు కూర్చుని, ఈసారి తమ జట్టులో క్వార్టర్‌బ్యాక్ స్థానం ఎవరికీ రాసిపెట్టి లేదనీ, క్యాంపులో ఎవరు బాగా ఆడితే వాళ్ళదేననీ చెబుతున్నాడు. పెళ్ళిసంబంధం మాట్లాడటానికి వచ్చినవాడి ముఖంలో ఉన్నంత నిజాయితీ ఉంది ఆ ముఖంలో. నేను లేచి వెళ్ళి టీవీ కట్టేశాను. అల్లుడు కంగారుపడి, "ఏమైంది మావయ్యా, సౌండ్ ఎక్కువైందా?" అన్నాడు. "అబద్ధం ఎక్కువైంది," అన్నాను. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న మా ఆవిడ అక్కణ్ణుంచే, "ఎదురింటబ్బాయి గుర్తొచ్చుంటాడు, వదిలెయ్ బాబూ," అంది. నలభై ఏళ్ళు దాటినా నా కోపం ఎక్కణ్ణుంచి వస్తోందో ఆవిడకి చూడకుండానే తెలుస్తుంది. వదిలెయ్యడం మాత్రం నాకు ఇంతవరకూ చేతకాలేదు.

ఎనభైల మొదట్లో మేం ఒహాయోలో ఒక చిన్న పట్నంలో ఉండేవాళ్ళం. కార్ల బ్రేకులు పరీక్షించే కంపెనీలో నా ఉద్యోగం. రెండంతస్తుల అపార్ట్‌మెంట్లు, ఎక్కుతుంటే మూలిగే చెక్కమెట్లు, మెట్లెక్కగానే ఎడమవైపు మేము, కుడివైపు ఆ ఎదురింటబ్బాయి. ఆ చుట్టుపక్కల అప్పట్లో ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు ఉండేది. పెద్ద లీగులోది కాదు, నాలుగైదేళ్ళు బతికి చప్పుడు లేకుండా మూతబడిన ఒక చిన్న లీగులోది. అతను ఆ జట్టులో రెండో నంబరు క్వార్టర్‌బ్యాక్. ఇరవై మూడేళ్ళు. ఆరడుగుల పైన ఇంకో నాలుగంగుళాలు, ఎర్రటి చెవులు, గుమ్మంలోంచి వచ్చేటప్పుడల్లా తల వంచడం. మాట మాత్రం మా చంటిది నిద్ర లేస్తుందేమో అన్నంత మెల్లగా ఉండేది. మొదటి చలికాలంలో నా కారు మంచులో మొరాయిస్తే ఒక్కడే వెనక నుంచి తోసి రోడ్డెక్కించాడు. ఆ కృతజ్ఞత కొద్దీ ఒకరోజు పార్కింగ్ స్థలంలో అతను బంతి విసురుతుంటే పట్టుకుంటానని ముందుకెళ్ళాను. కాలేజీలో క్రికెట్ ఆడినవాణ్ణి, ఇదెంత అనుకున్నాను. నా చిటికెన వేలు ఇప్పటికీ వంకరే. ఆ సాయంత్రం సంచీలో ఐసుముక్కలు పట్టుకుని పరామర్శకు వచ్చి, మా ఆవిడ పెట్టిన నిమ్మకాయ పులిహోర మూడుసార్లు అడిగి తిన్నాడు. అప్పట్నుంచి పోపు వాసన మెట్లమీదికి వెళ్ళిన రోజున మా తలుపు తట్టకుండా ఉన్నది లేదు.

ఆట తెలియనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. మైదానంలో ఎంతమంది ఉన్నా బంతి ముందుగా చేతికందేది ఒక్కడికే. మీదికి ఏనుగుల్లాంటి మనుషులు దూకుతుంటే, రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలో తేల్చుకుని విసిరేవాడే క్వార్టర్‌బ్యాక్. మిగతా స్థానాల్లో మనుషుల్ని మారుస్తూ ఉంటారు, ఇక్కడ మార్చరు. ఒకడు ఆడతాడు. రెండోవాడు గీత అవతల టోపీ పెట్టుకుని, క్లిప్‌బోర్డు పట్టుకుని, ఆడుతున్నవాడు ఏం చేశాడో రాస్తూ నిలబడతాడు. తోటివాడి మోకాలు విరిగితే తప్ప చేతికి పని దొరకని ఉద్యోగం! మా ఎదురింటబ్బాయి రెండు సీజన్లు అలా నిలబడ్డాడు. తన జెర్సీ ఉతకాల్సిన అవసరమే రాదని నవ్వుతూ చెప్పేవాడు.

నాకు నవ్వొచ్చేది కాదు, ఎందుకంటే ఆఫీసులో నేను చేస్తున్నదీ అదే. మా టెస్టింగ్ ల్యాబు సూపర్‌వైజరు వెళ్ళిపోయి ఏడాది దాటింది. అతని పనంతా నేనే చేస్తున్నాను, కానీ 'ప్రస్తుతానికి' చేస్తున్నాను. కుర్చీ మీద కూర్చోవచ్చు, తలుపు మీద పేరు మాత్రం ఉండదు. ఎప్పుడైనా ధైర్యం చేసి కదిపితే మేనేజరు నా భుజం తట్టి, "యూ హావ్ ప్లెంటీ ఆఫ్ టైమ్," అనేవాడు. ఇంటికొచ్చి ఆ మాట మా ఆవిడకు చెబితే, "అడగండి గట్టిగా," అనేది. నేను అడగలేదు. ఆ సంగతి అలా ఉంచుదాం.

మూడో ఏడు వేసవిలో పాత క్వార్టర్‌బ్యాక్ ఆట మానేశాడు. స్థానం ఖాళీ. జట్టువాళ్ళు పెద్ద కాలేజీలో పేరు తెచ్చుకున్న ఒక కొత్త కుర్రవాణ్ణి ఆర్భాటంగా తీసుకొచ్చారు. అయినా కోచ్ ఊరి పేపర్లో చెప్పాడు: ఇద్దరికీ సమానంగా పోటీ ఉంటుంది, మూడు వారాల క్యాంపులో బాగా ఆడినవాడే మొదటి మ్యాచ్‌లో దిగుతాడు. ఎదురింటబ్బాయి ఆ పేపరు ముక్క కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకున్నాడు. సరిగ్గా ఆ నెలలోనే మా మావగారు ఆరు నెలలు మా దగ్గర ఉందామని వచ్చారు.

మావగారు బాపట్ల దగ్గర ఒక మిషన్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయినవారు. ప్రపంచంలో న్యాయం అనేది ఏదైనా ఉంటే అది పరీక్ష రూపంలోనే ఉంటుందని ఆయన నమ్మకం. పేపరు వార్త చదివి వినిపించగానే, "అయితే నోటిఫికేషన్ ఇచ్చారన్నమాట," అని కళ్ళజోడు సవరించుకున్నారు. నెలకోసారి నాలుగు తెలుగు కుటుంబాలం ఎవరో ఒకరి హాల్లో కూడి ప్రార్థన చేసుకునేవాళ్ళం. ఆ నెల ప్రార్థనలో వీసాల కోసం, కాన్పుల కోసం అడిగాక, మావగారు పొరుగింటి బిడ్డకు రాబోయే పరీక్షలో జయమివ్వమని ఘనంగా వేడుకున్నారు. ఏం పరీక్ష అని తరువాత ఒకాయన అడిగితే, "బంతి విసరడంలో," అన్నారు. అందరూ ఆమెన్ అనేశారు కాబట్టి వెనక్కి తీసుకోవడానికి లేకపోయింది.

క్యాంపు ఇరవై నిమిషాల దూరంలో ఒక కాలేజీ మైదానంలో జరిగేది. చూడటానికి ఎవరైనా రావచ్చు. మావగారు తెల్ల ప్యాంటు, నల్ల గొడుగు, ఒక లాంగ్ నోటుబుక్కుతో ఇనుప మెట్లమీద కూర్చునేవారు. ఉదయం నేను దింపి ఆఫీసుకు వెళ్తే, మధ్యాహ్నం మా ఆవిడ చంటిదాన్ని వెనక సీట్లో వేసుకుని వెళ్ళి తీసుకొచ్చేది. స్కేలు పెట్టి గళ్ళు గీశారు. దగ్గర విసురు, మధ్య విసురు, దూరపు విసురు. గురి తప్పితే సున్నా. బంతి సరిగ్గా వెళ్ళినా అందుకునేవాడు జారవిడిస్తే విసిరినవాడికి పూర్తి మార్కులే. ఎదురింటబ్బాయి ఆయన్ని 'ప్రొఫెసర్' అనేవాడు. ఆయన మాత్రం మైదానంలో ఉన్నంతసేపూ వాడి వంక నవ్వేవారు కాదు. "మనవాడని అరమార్కు కూడా కలపను అల్లుడుగారూ. కలిపితే వాడికే అవమానం," అన్నారు నాతో. మూడో రోజున ఆయన నోటుబుక్కులో ఇంకో గడి చేరింది: 'ఇచ్చిన అవకాశాలు'. కొత్తవాడికి మొదటి జట్టు మనుషులు కాపలా ఉండి పూటకి నలభై బంతులు. మనవాడికి మొదటి జట్టు నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడు, రేపోమాపో ఇంటికి పంపబోయే కుర్రాళ్ళతో ఆరో ఏడో. ఆ రాత్రి భోజనం దగ్గర మావగారు ముద్ద కలుపుతూ ఆగిపోయారు. "ఒకడికి మూడు గంటలిచ్చి, ఒకడికి ఇరవై నిమిషాలిచ్చి, ఇద్దరి పేపర్లూ ఒకేలా దిద్దాం అంటే ఎలా బాబూ?"

మూడు వారాలయ్యేసరికి మనవాడికి నూటికి ఎనభై ఒకటి, కొత్తవాడికి అరవై నాలుగు. ఆ వారం మా ఆవిడ ఒక మాట చెప్పింది. పాలు కొనే కొట్లో గోడకి ఆ ఏటి మ్యాచ్‌ల పట్టిక అంటించి ఉందనీ, దానిమీద కొత్తవాడి బొమ్మ నిలువెత్తున ఉందనీ, క్యాంపు మొదలుకాక ముందు నుంచీ అది అక్కడే ఉందనీ. "పరీక్షకి ముందే ఫలితాలు అంటించేశారు నాన్నా. మీరు అనవసరంగా ఎండలో కూర్చుంటున్నారు," అంది. మేమిద్దరం వినలేదు. అంత స్పష్టంగా మార్కులు కనిపిస్తుంటే పై అధికారి దృష్టికి తీసుకురావాలి గానీ ఊరుకుంటామా? మావగారు చెబుతుంటే, ఆఫీసు అయిపోయాక ల్యాబులో కోచ్ పేర ఉత్తరం టైపు చేసింది నేనే. కార్బన్ పేపరు పెట్టి మరీ చేశాను. 'మీ వంటి న్యాయమూర్తుల సన్నిధికి అత్యంత వినయంగా' అన్న ధోరణిలో సాగే హెడ్మాస్టరుగారి ఇంగ్లీషు, వెనకాల మార్కుల కాగితం, కింద 'పునఃపరిశీలన కోరడమైనది'. టైపు చేస్తున్నంతసేపూ నా వేళ్ళు ఉత్సాహంగా కదిలాయి. నా కోసం నేను రాయలేని ఉత్తరం అది, ఇంకొకడి పేరు మీద రాసేశాను.

ఆ ఎదురింటబ్బాయిని అడగాలన్న ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. మన పద్ధతి అంతే కదా. పిల్లవాడికి అన్యాయం జరిగితే పెద్దవాళ్ళు హెడ్మాస్టరు దగ్గరికి వెళ్తారు, పిల్లవాణ్ణి అడిగి వెళ్ళరు. వాడు పిల్లవాడు కాడనీ, తన ఉద్యోగం తాను చేసుకుంటున్న పెద్దమనిషి అనీ మాకు తట్టలేదు.

ఉత్తరం పంపిన నాలుగో రోజు ఉదయం అతను ప్లేబుక్ చంకలో పెట్టుకుని మెట్లు దిగుతుంటే మా ఆవిడ చూసింది. జట్టు ఎత్తులన్నీ రాసి ఉండే లావుపాటి పుస్తకం అది, ఎప్పుడూ ఇల్లు దాటించేవాడు కాదు. కోచ్ పిలిచి 'పుస్తకం తీసుకురా' అన్నాడంటే ఉద్యోగం పోయినట్టే అని మాకు అప్పుడు తెలియదు. మధ్యాహ్నం ఒట్టి చేతులతో మా తలుపు తట్టాడు. ఆరోజు పోపు కూడా వెయ్యలేదు. కోచ్ బల్ల మీద మావగారి కాగితం ఉందట. బయటివాళ్ళచేత నా క్యాంపు లెక్కలు రాయిస్తున్నావా, నన్ను పరీక్షిస్తున్నావా అని అరిచాడట. చివర్లో శాంతించి, "నీకింకా వయసుంది, బోలెడు టైముంది," అన్నాడట. మావగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ముప్ఫై ఏళ్ళలో తన ఎదురుగా ఎందరినో నిలబెట్టిన మనిషి, ఇరవై అయిదేళ్ళవాడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "నిన్ను అడక్కుండా రాశాను నాయనా. తప్పు నాది. క్షమించు," అన్నారు తెలుగులోనే. మా ఆవిడ ఇంగ్లీషులో చెప్పబోతే అతను అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు. కొత్తవాణ్ణి మొదటివాడిగా మార్చిలోనే ఖాయం చేశారనీ, కోచే నోరుజారి చెప్పాడనీ, ఉత్తరం వల్ల పోయింది ఏమీ లేదనీ అన్నాడు. మా మనసు తేలిక పరచడానికి అన్నాడో, నిజంగా జరిగిందో నాకు ఈనాటికీ తెలియదు. తరువాత, "నాకెన్ని మార్కులొచ్చాయి ప్రొఫెసర్?" అని అడిగాడు. ఎనభై ఒకటి అన్నారు. అతను ఆ పేజీ కావాలన్నాడు. మావగారు జాగ్రత్తగా చింపి, కింద సంతకం పెట్టి, రిటైర్డ్ హెడ్మాస్టర్ అని రాసి ఇచ్చారు.

కథ అక్కడ ఆగినా నాకింత మంట ఉండేది కాదు. అతను ఇండియానాలో ఒక స్కూల్లో పీటీ మాస్టరుగా చేరాడు. రెండో మ్యాచ్‌లోనే కొత్తవాడి భుజం జారింది. అతని ఫోను తీసేశారు కాబట్టి జట్టువాళ్ళు ఆ ఉత్తరం మీదున్న మా నంబరుకి చేశారు. వెంటనే రమ్మనాలట! రిసీవరు పట్టుకున్న మా ఆవిడ ముఖం ఎర్రబడింది. నేనైతే నాలుగు తిట్టి పెట్టేసేవాణ్ణి. ఆవిడ మాత్రం, "అతను వస్తాడో రాడో అతన్ని అడగాలి," అని స్కూలు నంబరు ఇచ్చింది. మాలో ఒక్కరికైనా బుద్ధి వచ్చింది. అతను వచ్చాడు. మూడు మ్యాచ్‌లు ఆడాడు, రెండు గెలిపించాడు. రెండో గెలుపు మేం స్టేడియంలోనే చూశాం. మావగారు ఆరోజు నోటుబుక్కు తీసుకురాలేదు, గొడుగు ఊపుతూ చిన్నపిల్లాడిలా అరిచారు. మెట్లు దిగుతున్నవాళ్ళ మధ్యలో ఉన్న మాకేసి అతను మైదానంలోంచి చెయ్యెత్తాడు, జెర్సీ నిండా మట్టి. తరువాతి వారం కొత్తవాడి భుజం కుదుటపడిందన్నారు. రెండు గెలిపించినవాణ్ణి తీసుకెళ్ళి మళ్ళీ గీత అవతల నిలబెట్టి, చేతిలో క్లిప్‌బోర్డు పెట్టారు. ఏం తప్పు చేశాడని? ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. జట్టు ఆ ఏడు ఆఖరున నిలిచింది. ఆ చలికాలంలో అతను ఆట వదిలేసి స్కూలుకి తిరిగి వెళ్ళాడు. అదే చలికాలంలో మా ల్యాబుకి వేరే ఊరినుంచి కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. అతనికి ఏ మీట ఎక్కడుందో నేనే చూపించాను.

మావగారు బాపట్ల నుంచి రాసిన ప్రతి ఉత్తరం చివరా 'పొరుగింటి బిడ్డ కుశలమా' అని ఉండేది. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. కార్బన్ నకలు ఇంకా నా ఫైల్లో ఉంది. ఆదివారం సాయంత్రం మమ్మల్ని ఇంటి దగ్గర దింపడానికొచ్చిన అల్లుడికి దాన్ని తీసి చూపించాను. అతను చాలాసేపు చూసి, 'ఇచ్చిన అవకాశాలు' అన్న గడి దగ్గర వేలు పెట్టి, "మా ఆఫీసులో కూడా ఇంతే మావయ్యా. నాకూ టైముందంటున్నారు," అన్నాడు. ఈసారి నేను ఉత్తరం రాస్తాననలేదు. ఏం చేద్దామనుకుంటున్నావని అతన్నే అడిగాను. ఇంకా ఆలోచిస్తున్నాడు. నీకింకా బోలెడు టైముంది అని ఎదుటివాడితో అనడం ఎవరికైనా తేలికే, ఎందుకంటే ఖర్చయ్యే ఆ కాలం అన్నవాడిది కాదు.