ఐదోదాని కింద మబ్బు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది. కరెంటు బిల్లు మీద తప్ప అది ఎక్కడా వాడకంలో లేదు. వీధిలో అందరికీ ఆయన రెక్కలాయన.

పిల్లిపిల్లలకు, కుక్కపిల్లలకు, కుందేటికూనలకు, ఒకసారి ఎవరో ముచ్చటపడితే పందిపిల్లకు కూడా, ఫొటోలో రెక్కలు తగిలించి ఆకాశానికి పంపిన ఘనత ఆయనది. ఆ రెక్కలన్నీ ఒకే పావురానివి. పదకొండేళ్ల కిందట అది ఆయన మేడ పిట్టగోడ మీద వాలి, ఒళ్లు విరుచుకుని, తన దారిన తాను పోయింది. ఆ ఒక్క ఫొటో మీద ఆయన వృత్తి అంతా నిలబడి ఉంది. ఈ సంగతి పావురానికి తెలియదు.

అంతకుముందు ఆయన పాస్‌పోర్టు ఫొటోలు తీసేవాడు. నవ్వకండి, కదలకండి, గడ్డం పైకెత్తండి. ఈ మూడు ముక్కలతో ఇరవై ఏళ్లు సంసారం నెట్టుకొచ్చాడు. ఆ తర్వాత ఎవరి ఫోనుతో వాళ్లే తీసుకోవడం మొదలై, ఆ ముక్కలు చెప్పించుకునేవాళ్లు కరువయ్యారు. అలాంటి రోజుల్లో పక్కింటావిడ, తన పిల్లి పెట్టిన పిల్లల్ని ఫొటో తీయమని గంపలో పట్టుకొచ్చింది. అవి నవ్వలేదు, కదలలేదు. అంత క్రమశిక్షణ గలవాళ్లు ఇరవై ఏళ్లలో ఆయనకు తారసపడలేదు. ఆ సంతోషంలో వాటిని తీసి ఒక గులాబీలో పడుకోబెట్టాడు. ఇక వెనక్కి చూడలేదు.

ఈ పనికి అదను పది రోజులే. కళ్లు తెరిచిందంటే ఏ పిల్లా మాట వినదు. పాలు తాగి పొట్ట నిండి, ఒళ్లు తెలియని నిద్రలో ఉన్నప్పుడు, కిటికీకి తెల్ల దుప్పటి కట్టి, ఆ మెత్తని వెలుతురులో ఒక్కోదాన్నీ విడిగా తీయాలి. తర్వాత కంప్యూటర్లో చందమామ మీదో పువ్వులోనో అన్నింటినీ కలిపి అతికించాలి. అయితే నాలుగు రోజుల పిల్లకు మెడ నిలవదు. ఎవరో ఒకరు కింద చెయ్యి పెట్టాలి. ఆ ఎవరో ఒకరు ఆయన భార్య. ముందుగదిలో కుట్టుమిషను ఆపి, చేతులు కడిగి, వేడినీళ్ల సీసా పట్టుకుని వెచ్చచేసుకుని, అప్పుడు వచ్చి కూర్చుంటుంది.

ఆ పైన రెక్కలాయన చేసే అసలు పని, ఆ చేతిని చెరిపేయడం. వేలు తీసి మబ్బు, అరచెయ్యి తీసి ఆకు, మణికట్టు తీసి నక్షత్రం. జాడ మిగలకూడదు.

"లోకంలో మొగుళ్లందరూ పెళ్లాల కష్టాన్ని ఊరికే చెరిపేస్తారు. మా ఆయన రోజంతా కూర్చుని, ఒబ్బిడిగా, గీత కూడా లేకుండా చెరుపుతారు" అంటుంది ఆవిడ వచ్చినవాళ్లతో. "కనిపించిన ప్రతిదానికీ రెక్కలు పెడతారు కదా, మా ఫ్యానుకి రెక్క ఊడి ఏడాదైంది. ఆ ఊసే లేదు."

అలాంటి ఇంటికి ఒక మధ్యాహ్నం రిటైరైన పోస్టుమాస్టరుగారు బుట్టతో వచ్చారు. బుట్టలో తల్లిపిల్లి, నాలుగు రోజుల పిల్లలు ఐదు.

"ఐదూ ఒకే చందమామ మీద ఉండాలి. ఒకటి ఎక్కువా వద్దు, ఒకటి తక్కువా వద్దు" అన్నారాయన.

"రెక్కలు పెట్టమంటారా మాస్టరుగారూ?"

"పెట్టండి. ఎగిరిపోయేంత పెద్దవి మాత్రం వద్దు."

నాలుగింటితో పేచీ లేదు. మూటల్లా పడుకుని మర్యాదగా ఫొటో తీయించుకున్నాయి. ఐదోది వాటిలో సగం కూడా లేదు. పాలు తాగడం లేదని, తల్లి కాలితో పక్కకు నెట్టేస్తోందని పోస్టుమాస్టరుగారు అప్పుడు బయటపెట్టారు. పశువుల డాక్టరుకు చూపించారట. 'వెచ్చగా ఉంచండి, గంటగంటకీ పాలు పోయండి, అంతకుమించి నేను చెయ్యగలిగింది లేదు' అన్నాడట.

"గంటగంటకీ పొయ్యాలంటే నా చేతులు వణుకుతాయమ్మా" అని ఆయన జేబులోంచి ఒక ఇంకు ఫిల్లరు తీశారు. "రెండుసార్లు మరగబెట్టాను."

ఆవిడ మొగుడి వైపు చూడకుండానే ఫిల్లరు అందుకుంది. ఐదోదాన్ని అరచేతిలోకి తీసుకుంటే అది తల తెచ్చి ఆవిడ బొటనవేలి మీద పెట్టింది. రెక్కలాయన ఆ ఫొటో తీశాడు. మళ్లీ తీసే అవకాశం రాలేదు.

తల్లినీ నాలుగింటినీ పోస్టుమాస్టరుగారు తీసుకెళ్లారు, ఐదోది ఉండిపోయింది. ఆ తర్వాత మూడు రోజులు కుట్టుమిషను ఆగిపోయింది. ఆవిడ తను అంచు కుట్టుకున్న పాత తెల్ల ఫ్లానెల్ తువ్వాలులో పిల్లను చుట్టి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, చుక్క చుక్కగా పాలు పోసేది. రెండు చుక్కలు లోపలికి పోతే ఒకటి గడ్డం మీదుగా బయటికి వచ్చేది. రెక్కలాయనకు ఆ గదిలో పని లేదు, బయట మనసు నిలవదు. దీపం జరిపాడు. తువ్వాలు సర్దాడు. నీళ్ల సీసా వేడిగా ఉందో లేదో పావుగంటకోసారి కనుక్కున్నాడు.

"తాగిందా?"

"ఇందాకే అడిగారు."

"ఇప్పుడు తాగిందా అని."

"ఏవండీ, మీరు అక్కడ నిలబడితే వెలుతురుకి అడ్డం. వెళ్లి మీ రెక్కలు చూసుకోండి."

వెళ్లి చూసుకున్నాడు. ఐదోదానికి పావురం రెక్కలు పెద్దవైపోయాయి. తగ్గించాడు. ఇంకా పెద్దవే. మళ్లీ తగ్గించాడు. పిచ్చుక రెక్కలంత చేస్తే అప్పటికి అతికాయి. మూడో రోజు మధ్యాహ్నం ఆ మాట చెబుదామని ముందుగదిలోకి వస్తే, ఆవిడ ఫిల్లరు కిటికీలో పెట్టేసి ఉంది. పిల్ల ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.

"ఎంతసేపైంది?"

"తెలీదండీ. నిద్రపోయిందనుకున్నా."

చందమామను రెండు ముక్కలు చేసి అతికించగల మనిషి, ఏం చేయాలో తెలియక, నీళ్ల సీసా తీసుకెళ్లి మళ్లీ వేడినీళ్లు నింపుకొచ్చాడు.

పోస్టుమాస్టరుగారు చిన్న పార్సిలు డబ్బా తెచ్చారు. దాన్ని అందులో పెట్టి, అలవాటు కొద్దీ నాలుగువైపులా దారం కట్టి, ముడి బిగించి తీసుకెళ్లారు. మీద చిరునామా ఏమీ రాయలేదు.

మర్నాడు ఫొటో చూడ్డానికి వచ్చారు. కంప్యూటర్లో నాలుగు పిల్లలు చందమామ వంపులో నిద్రపోతున్నాయి. ఐదోది మాత్రం ఒక ఆడమనిషి చేతిలో ఉంది.

"చెయ్యి తియ్యడం మర్చిపోయారా?"

"మర్చిపోలేదండి. బొటనవేలు తీస్తే తల గాల్లో వేలాడుతోంది."

పోస్టుమాస్టరుగారు కళ్లజోడు తుడుచుకున్నారు. "తీసెయ్యండి బాబూ. చెయ్యి కనిపిస్తే, దానికేదో జరిగిందని ఇట్టే తెలిసిపోతుంది. మిగతావాటిలాగే ఉండాలి అది."

కాదనడానికి అందులో ఏముంది? ఆయన వెళ్లాక రెక్కలాయన మణికట్టు తీశాడు, అరచెయ్యి తీశాడు, చివరికి బొటనవేలు కూడా తీసి, తన దగ్గరున్న మబ్బుల్లోకెల్లా మెత్తనిది వెతికి తల కింద పెట్టాడు. ఎక్కడా అతుకు తెలియలేదు. అంత చక్కగా కుదిరిన పని ఆయన చేతిలో మరొకటి లేదు. భార్యను పిలిచి చూపించాడు.

ఆవిడ వంగి చూసింది.

"మబ్బు చల్లగా ఉంటుంది కదండీ" అంది.

పదకొండేళ్లలో వేలకొద్దీ పసికూనల్ని మబ్బుల మీద పడుకోబెట్టినవాడికి ఆ ఆలోచన ఒక్కసారీ రాలేదు. ఆవిడ వెళ్లి మిషను ముందు కూర్చుంది. కుట్టడం మాత్రం వినిపించలేదు.

ఆయన లేచి, కిటికీ దగ్గరి కుర్చీలోంచి ఫ్లానెల్ తువ్వాలు తెచ్చి, ఫొటోలకు కింద వేసే నల్లగుడ్డ మీద పరిచాడు. మధ్యలో పిడికిలితో నొక్కాడు. ఆ గుంట పెద్దదైపోయింది.

"ఏమోయ్, ఒకసారి వచ్చి చెయ్యి పెట్టు."

ఆవిడ వచ్చి, ఏమిటని అడగకుండా, అరచెయ్యి ఆనించి తీసింది. ఆ గుంట నిలబడి ఉండగానే ఆయన ఫొటో తీశాడు.

వారం తర్వాత పోస్టుమాస్టరుగారు బుట్టతో సహా వచ్చి, అచ్చయిన ఫొటోను వెలుతురుకి పట్టుకుని చూశారు. బుట్టలో నాలుగు పిల్లలు కళ్లు తెరిచి ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి.

"ఈ మబ్బు అంచుకి కుట్టు ఉన్నట్టుందే."

"ఉందండి."

"ఎర్రదారం."

"అంచు కుట్టిన రోజు తెల్లది అయిపోయిందట."

కుట్టు చెరపడం రెండు నిమిషాల పని. చేసిపెడతానని రెక్కలాయన అనలేదు, చేయమని మాస్టరుగారు అడగలేదు. పోస్టుమాస్టరుగారు వేలుపెట్టి ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టి, ఫొటోను బుట్టలో నిలువుగా దోపబోయారు. మళ్లీ ఏమనుకున్నారో బయటికి తీసి, ఏవీ జారిపడకుండా, రెండు చేతుల మీదా పడుకోబెట్టి పట్టుకున్నారు. బుట్ట మోచేతికి వేలాడేసుకుని, ఒక్కో మెట్టే దిగారు.