పెంచుకోవడం కాదు, పెంచడం

కువైట్‌లో మా ఆదివారం శుక్రవారం నాడు వచ్చేది. సెలవు ఆ రోజే కాబట్టి ఆరాధనా ఆ రోజే. చర్చి ఆవరణలో పొద్దున్నుంచీ ఒక్కో భాషవాళ్ళది ఒక్కో వంతు. మలయాళీలు అయ్యాక, తమిళులు అయ్యాక, మిగిలిన ఎండా మిగిలిన ఉక్కపోతా తెలుగువాళ్ళకి. "ఈ వారం ఆదివారపు ఆరాధన శుక్రవారం సాయంత్రం" అని మా పాస్టరు అయ్యగారు ప్రకటిస్తే నవ్వినదాన్ని నేనొక్కదాన్నే.

డెబ్బైల చివర్లో మావారికి షువైఖ్ రేవులో గిడ్డంగి చూసుకునే ఉద్యోగం వస్తే వెళ్ళాం. ఫింటాస్‌లో, సముద్రానికి కాస్త ఇవతల, చిన్న ఫ్లాటు. నేను ఎమ్మే చదువుకున్నాను, ఇంట్లోనే ట్యూషన్లు చెప్పేదాన్ని. మాకు పిల్లలు లేరు. మా సహవాసంలో ఎవరు ప్రార్థన చేసినా దేవుడికి ఆ సంగతి గుర్తుచేయకుండా వదిలేవారు కాదు, ఆయనేదో మరిచిపోయినట్టు.

భక్తి నాకు పుట్టుకతో వచ్చింది. మా తాతగారు బోధకులు. అలా వచ్చినదాన్ని పెళ్ళిపట్టుచీరలా బీరువాలో పెట్టుకుని పండగలకి తీసేదాన్ని. నోరు మాత్రం రోజువారీ వాడకం.

అది మనం వీధిలో నిలబడి సువార్త చెప్పుకునే దేశం కాదు. మా సేవంతా మనవాళ్ళ మధ్యే, కూలీల క్యాంపుల్లో, ఆసుపత్రుల్లో. ఒకసారి అయ్యగారితో అన్నాను:

"మంచం దగ్గర ఒక పాట, ఒక ప్రార్థన, ఒక అరటిపండు. రోగి లేచి పారిపోలేడు కాబట్టి సరిపోయింది. దీన్ని సేవంటారా అయ్యగారూ?"

ఆయన కోప్పడితే వాదన సాగేది. కోప్పడలేదు. "ఏమనాలో నువ్వే వచ్చి చూసి చెప్పమ్మా. గురువారం సాయంత్రం వ్యాను బయల్దేరుతుంది" అన్నారు.

వెళ్ళాను. ఎముకల వార్డులో ఒక కోనసీమ ఆవిడ ఉంది. ఫింటాస్‌లోనే ఒక కువైటీ ఇంట్లో వంటమనిషి. కిటికీలు తుడుస్తూ స్టూలు మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. కాలికి బరువులు కట్టి పైకి వేలాడదీశారు. మేం పాటల పుస్తకాలు తెరవగానే చెయ్యెత్తి ఆపింది.

"పాట తర్వాతండి. మా పిల్లనెవరు చూత్తారో అది చెప్పండి ముందు."

ఆవిడ భర్త అదే ఇంట్లో డ్రైవరు. వాళ్ళకి నాలుగేళ్ళ ఆడపిల్ల. తల్లి వంటింట్లో ఉన్నన్నాళ్ళూ పిల్ల ఆవిడ కాళ్ళ దగ్గర ఆడుకునేది. ఇప్పుడు తల్లి మంచాన పడింది, తండ్రి పగలంతా కారులో. పనిమనుషులు ఇంటి యజమానురాలిని అక్కడ మామా అంటారు. "మా మామా మంచిదేనండి. కానీ ఆవిడ పిల్లలు ఆవిడకి చాలరా? మాకు వీసా ఇచ్చిన కఫీలేమో పిల్లని ఊరికి పంపేమంటన్నాడు. ఊళ్ళో మాకెవరున్నారండి?" అంది.

అయ్యగారు తన భార్య పాస్టరమ్మగారి వైపు చూశారు. పాస్టరమ్మగారు పాటల పుస్తకం వైపు చూసింది. "చూశారా అయ్యగారూ, నేను చెప్పలేదూ?" అనడానికే నేను నోరు తెరిచాను. బయటికొచ్చిన మాట వేరు.

"నేను చూస్తాను."

ఇంటికొచ్చి చెబితే మావారు, "వాదనలో గెలవడానికి పిల్లని తెస్తున్నావా?" అన్నారు. మాట్లాడకపోతే మాట్లాడని మనిషి, మాట్లాడితే ఇలాంటివి మాట్లాడతాడు.

మర్నాడే డ్రైవరు పిల్లని తీసుకొచ్చాడు. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో కాగితంలో చుట్టిన కొబ్బరిచిప్ప. చిప్ప అడుగున నల్లగా ఎండిన చాదు.

"వాళ్ళమ్మ ఒకటే మాట చెప్పమందండి. మీ పాటలు పాడించుకోండి, ప్రార్థన చేయించుకోండి, దణ్ణం ఎవరికెట్టినా దణ్ణమేనంది. బొట్టు మాత్రం మాన్పించొద్దందండి."

"అలాగే" అన్నాను.

"ఆయ్. మాటిచ్చినట్టేనాండి?"

"ఇచ్చినట్టే."

మాటివ్వడం తేలిక. మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ బొట్టు పెట్టి ఎరగరు. మర్నాడు పొద్దున వేలు తడిచేసి చిప్పలో అరగదీసి, పిల్ల గడ్డం పట్టుకుని పెట్టాను. అది నుదుటి మధ్య కాకుండా కనుబొమ్మ మీద వాలింది.

పిల్ల అద్దంలో చూసుకుంది. "మామా, ఇది కంట్లోకి జారిపోతంది."

"మామా అనకు. నేను నీకు యజమానినేం కాదు. అదీకాక మా వైపు మామలకి మీసాలుంటాయి."

నా పై పెదవిని చాలా శ్రద్ధగా పరీక్షించింది. "నీకూ కొన్ని ఉన్నాయి" అంది.

పక్క గదిలో మావారు నవ్వడం వినిపించింది. ఆ పూటనుంచి నేను అత్తనయ్యాను, ఆయన మీసాలున్నందుకు న్యాయంగా మామ అయ్యారు. నాలుగు రోజులకి నా బొట్టు నుదుటి మధ్యకి చేరింది.

సాయంత్రం మేం ప్రార్థనకి కూర్చుంటే పిల్లా వచ్చి కూర్చునేది. నా ప్రార్థనలు అప్పట్లో అర్జీల్లా ఉండేవి, ముందు సంబోధన, తర్వాత పొగడ్త, ఆ తర్వాత దేవుడు చేయాల్సిన పనుల వివరణ. పిల్ల వింటూ విసిగిపోయి ఒకరోజు మధ్యలో కల్పించుకుంది.

"దేవుడా, మా అమ్మ కాలు కిందకి దింపు."

అంతే. ఆ తర్వాత నేను చెప్పబోయినవన్నీ నాకే అనవసరం అనిపించాయి.

ఇక శుక్రవారం. బొట్టుపెట్టుకున్న పిల్లని చెయ్యి పట్టుకుని ఆరాధనకి తీసుకెళ్ళాను. పాస్టరమ్మగారు గుమ్మంలోనే పట్టుకుంది.

"అదేంటమ్మా, గుడిలోకి బొట్టుతోనా? నువ్వు చూస్తున్న పిల్లని మన పద్ధతిలో పెంచొద్దూ?"

"వాళ్ళమ్మకి మాటిచ్చానండీ. మాట మీద నిలబడటం మన పద్ధతే అనుకుంటున్నాను. కాదా?"

"నీతో మాట్లాడలేం."

"మాట్లాడకపోయినా పర్లేదండి, కాస్త జరగండి, పిల్లకి ఎండగా ఉంది."

అలా నేను గుమ్మం దగ్గర గెలిచి, లోపల ఓడిపోయాను. చివరి ప్రార్థనలో అయ్యగారు కళ్ళు మూసుకుని, గొంతు బాగా పలుకుతున్న ఊపులో, "సంతానం లేని మా సహోదరి పెంచుకుంటున్న ఈ చిన్నబిడ్డను నీ మందలో చేర్చుకో ప్రభువా" అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను, అందరికంటే గట్టిగా.

కళ్ళు తెరిచి చూస్తే వెనక తలుపు దగ్గర డ్రైవరు. పిల్లని తల్లి దగ్గరికి తీసుకెళ్ళడానికి వచ్చి, మొత్తం విన్నాడు.

తెలుగులో 'కొను' అనేది చిన్న ముక్క. పెంచడం ఎవరి పిల్లనైనా పెంచొచ్చు. పెంచుకోవడం అంటే ఇక ఆ పిల్ల మనది, కన్నవాళ్ళకి చుట్టరికం కూడా మిగలదు. అయ్యగారి నోట్లోంచి ఆ ముక్క అలవాటుగా జారిందో, నా ముఖం చూసి జాలితో చేర్చారో తెలీదు. విన్నవాడికి రెండూ ఒకటే.

"పెంచుకోడమేంటండి మేడంగారు?" డ్రైవరు నా ముందుకొచ్చాడు. "మేమేమన్నా చచ్చిపోయామాండి?"

"అది అయ్యగారు పొరపాటున..."

"మీరూ ఆమేనన్నారు కదండి. ఇన్నాను." పిల్లని ఎత్తుకున్నాడు. "ఖలాసండి. మా తిప్పలు మేం పడతాం."

పిల్ల అతని భుజం మీంచి, "అత్తా, నా చాదు చిప్ప!" అని అరిచింది. కారు వెళ్ళిపోయింది.

ఆ వారమంతా చిప్ప మా అద్దం ముందు ఉంది. ట్యూషన్‌కొచ్చే పిల్లల తల్లి ఒకావిడ చెప్పింది: ఆ చిన్నది తండ్రి పక్క సీట్లోనే తిరుగుతోందట, స్కూళ్ళ ముందు, దుకాణాల ముందు ఎండలో గంటలు గంటలు కూర్చుంటోందట. యజమానులు కబ్ద్‌లో తోటకి వెళితే అక్కడికీ కారులోనే. ఊరికి వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే పిల్లని వాళ్ళతో పంపేస్తానని డ్రైవరు వాకబు చేస్తున్నాడట. ఎవరి దగ్గరికి? అదింకా తేలలేదట.

నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. వ్యాకరణంతో సహా. చెప్పులేసుకుంటుంటే మావారు, "ఈసారి గెలవడానికి వెళ్ళకు" అన్నారు.

ఆసుపత్రికి ఒక్కదాన్నే వెళ్ళాను. పాటల పుస్తకం లేదు, అరటిపండూ లేదు. హ్యాండుబ్యాగులో చిప్ప ఉంది. తీసి ఆవిడ మంచం మీద పెట్టాను. ఆవిడ చిప్పనీ నన్నూ చూసింది. చాదు మధ్యలో కాస్త అరిగి ఉంది.

"రోజూ పెట్టారాండి?"

"రోజూ పెట్టాను. మొదట్లో వంకరగా."

ఆవిడ వేలితో చిప్ప అడుగు తడిమింది. కాలు ఇంకా పైనే ఉంది.

"నాకు పిల్లలు లేరు," అన్నాను. "మీ పిల్ల అంటే ఇష్టం. ఆ ప్రార్థనకి ఆమేన్ అన్నమాట నిజం. కానీ పెంచుకోను. మీరు లేచేదాకా పెంచి, లేచాక ఇచ్చేస్తాను."

"ఇచ్చేటప్పుడు ఏడుత్తారాండి?"

ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు సిద్ధంగా లేదు. "ఏడుస్తాను" అన్నాను. "ఏడుస్తూనే ఇస్తాను."

ఆవిడ ముఖం విప్పారింది. "అయితే తీసుకెళ్ళండి. ఏడవనన్నారంటే భయమేసేదండి నాకు. ఇష్టం లేనోళ్ళ దగ్గర పిల్లనెలా ఉంచుతాను? మా ఆయనతో నే చెబుతాను." తర్వాత తనే చేతులు జోడించింది. "ఆ రోజు తర్వాతన్నాను కదండి. ఇప్పుడు చేసేయండి మీ ప్రార్థన."

ఎమ్మే చదివిన నోరు, బోధకుడి మనవరాలి నోరు, ఒక్క మాటకి తడుముకుంది. చివరికి పిల్ల ప్రార్థనే అప్పు తెచ్చుకున్నాను. "దేవుడా, ఈమె కాలు కిందకి దింపు." ఆ ఒక్క వాక్యం అన్నప్పుడు ఎవరో వింటున్నారని నాకు నిజంగా అనిపించింది. అన్నాళ్ళ నా వాదనల్లో అవతలి మనిషి మాట్లాడటానికి నేను సందివ్వలేదని కూడా అప్పుడే తెలిసింది.

పిల్ల మళ్ళీ వచ్చింది. తర్వాతి శుక్రవారం అయ్యగారు ప్రార్థనలో "మా సహోదరి పెంచు..." దాకా వచ్చి, ఒక కన్ను తెరిచి నా వైపు చూసి, "...తున్న బిడ్డ" అని పూర్తిచేశారు. వెనక వరసలో డ్రైవరు "ఆయ్" అన్నాడు. ఆమేన్‌కి బదులు అదీ చెల్లుతుందని ఆ రోజు తెలిసింది.

కాలు కిందకి దిగింది. ముందు చంకకర్రలు, తర్వాత చేతికర్ర. చలి మొదలవుతుండగా ఒక సాయంత్రం ఆవిడ మా మెట్లెక్కి వచ్చింది. పిల్ల ఆ కాలినే వాటేసుకుంది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడుద్దామనుకున్నాను, అంతదూరం వెళ్ళలేకపోయాను.

"ఏడుత్తానని చెప్పారు గానీ ఇంతలాగని చెప్పలేదండి" అని తనూ కళ్ళు తుడుచుకుంది. వెళ్తూ చాదు చిప్ప తీసుకోలేదు. నేను గుర్తుచేస్తే, "ఉంచండి. మీ దగ్గరికి ఇంకో పిల్ల రాదాండి?" అంది, వస్తుందని నాకంటే తనకే బాగా తెలిసినట్టు.

ఇల్లు చాలా బోసిపోయింది. అబద్ధమెందుకు, కొన్నాళ్ళు దేవుడితో మళ్ళీ వాదించాను. కాకపోతే ఈసారి మధ్యమధ్య ఆగి విన్నాను. ఖాళీగా ఉన్న మంచం ఖాళీగా ఉంచడానికి కాదేమో అని మావారితో అంటే, "నేనెప్పుడో దుప్పటి మార్చాను" అన్నారు.

ఎండలు ముదిరే ముందు పాస్టరమ్మగారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఆ గుమ్మం దగ్గర మాటల తర్వాత ఆవిడ నాతో ముక్తసరిగానే ఉండేది.

"ఒక దర్జీ భార్యకి ఆపరేషనట. ఏడాది పాప. నేను ఆసుపత్రిలో మాట్లాడి వచ్చాను. కొన్నాళ్ళు నువ్వు పెంచుకుం..." ఆగింది. గొంతు సవరించుకుంది. "పెంచుతావా?"

"పెంచుతాను గానీ, బొట్టు సంగతి వాళ్ళని..."

"అడిగానులే," అంది విసుగ్గా. "పెట్టాలట. చాదు ఎక్కడ దొరుకుతుందో నాకు తెలీదు. నీ దగ్గరుందా?"

"ఉంది" అన్నాను.