పిలవకుండా తలుపు మూశాను

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. ఆర్.ఎస్. పురంలో మోటారు పంపుల విడిభాగాల దుకాణం నాది. పంపు ఆగిందంటే ఏదో కారణం ఉంటుంది, విప్పి చూస్తే దొరుకుతుంది. నలభై మూడేళ్ళు అదే లెక్కన బతికాను. ఇది చదివి నాకు మతి చలించిందనుకునే ముందు ఆ సంగతి గుర్తుంచుకోండి.

మాది కోయంబత్తూరులో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. బడిలో చదివింది తమిళం, తెలుగు రాయడం మా తాతయ్య నేర్పాడు. మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. పిల్లలు ఎక్కడైనా కిందపడినా, జడుసుకున్నా, పెద్దవాళ్ళు ఆ చోటికి వెళ్ళి మూడుసార్లు ఇంటికి రమ్మని పిలుస్తారు. ఎవరైనా ఆసుపత్రిలో పోతే గుమ్మం దగ్గర నిలబడి అలాగే పిలుస్తారు. పిలవకపోతే ప్రాణం అక్కడే ఉండిపోతుందట.

మా పాప మైథిలి అయిదేళ్ళప్పుడు ఆసుపత్రిలో పోయింది. నాలుగు రోజుల జ్వరం, అంతే. మా అమ్మ వార్డు గుమ్మంలో నిలబడి, "రా కన్నూ, ఇంటికి పోదాము" అని మూడుసార్లు పిలిచింది. నేను వినలేక మెట్లు దిగి వెళ్ళిపోయాను.

ఆ రోజునుంచి నా భార్య జయంతి ఎక్కడినుంచి బయలుదేరినా పాపను పిలవడం మొదలుపెట్టింది. గుడి కానీ, పెళ్ళిమండపం కానీ, దిండిగల్‌లో వాళ్ళ అన్న ఇల్లు కానీ, అందరూ బయటికొచ్చాక గుమ్మంలో ఆగి మెల్లగా పిలిచేది. రెండేళ్ళు చూస్తూ ఊరుకున్నాను. ఈలోగా మా ఇద్దరి మాటలు కూరగాయల దగ్గర మొదలై గ్యాస్ సిలిండరు దగ్గర అయిపోయేవి. ఒకే కొంపలో ఉంటూనే ఆమె నాకు పూర్తిగా దక్కకుండా పోతుందేమోనని భయం పట్టుకుంది.

కొన్నాళ్ళు చోటు మారిస్తే మంచిదని డాక్టరు అన్నాడు. పెళ్ళయిన కొత్తలో మేము ఎక్కడికీ వెళ్ళలేదు. పదో పెళ్ళిరోజుకు అండమాన్ వెళ్దామన్నాను. మూడు వారాలపాటు, దుకాణంలో బేరం లేని మధ్యాహ్నాల్లో రిసార్టుల ఫోటోలు చూస్తూ కూర్చున్నాను. తలుపు తీస్తే సముద్రం, పూలు చల్లిన మంచం, ఇసుకలో ఇద్దరికే వేసిన బల్ల. ఈ వయసులో నాకు ఇవన్నీ ఏమిటని సిగ్గు కూడా వేసింది.

చివరికి పిల్లల్ని రానివ్వని రిసార్టు ఒకటి ఎంచుకున్నాను. ఇతరుల పిల్లల్ని చూసి జయంతి బాధపడకూడదన్నది నాకు నేను చెప్పుకున్న కారణం. నిజం అది కాదు. అయిదు రోజులు మా పాప కూడా మా మధ్యకు రాకూడదనుకున్నాను. కన్నతండ్రిని, అలాగే అనుకున్నాను.

ఫారం నేనే నింపాను. పెద్దలు ఇద్దరు, పిల్లలు సున్నా. రెండు రోజుల తరువాత రిసార్టు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, పిల్లలకు అనుమతి లేదు, మీరు పాపను రాశారు అంది. నా మెయిల్ తెరిచి చూస్తే, నేను పంపిన ఫారంలోనే ఉంది. పిల్లలు ఒకరు, వయసు అయిదు. బతికుంటే మైథిలికి అప్పటికి ఏడేళ్ళు. జయంతి మీద అనుమానం వచ్చింది కానీ, ఆమెకు నా మెయిల్ తెరవడం తెలియదు. ఏదో పొరపాటని సర్దిచెప్పి, ఫారం దిద్ది పంపించాను. ఇంట్లో ఈ మాట ఎత్తలేదు.

అక్కడికి వెళ్ళాక జయంతి మారిపోయింది. రెండో రోజు పొద్దున మోకాలి లోతు నీళ్ళలో నడుస్తూ పకపకా నవ్వుతోంది. ఆ నవ్వు విని రెండేళ్ళయింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు చూశాను. ఆమె కుడిచెయ్యి కిందికి వాలి, వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి, చిన్నపిల్లను నడిపిస్తున్నట్టు.

ఆ మధ్యాహ్నం గది శుభ్రం చేసే ఆవిడ వచ్చింది. విశాఖ వైపు మనిషి, నా తెలుగు విని ముచ్చటపడింది. వెళ్తూ వెళ్తూ, "పాపకి ఇంకో తువ్వాలు పెట్టీమంటారా సార్? అడిగితే సిగ్గుపడి కర్టెన్ ఎనకాల దాక్కుండిపోయింది" అంది. జయంతి అప్పుడు ఒడ్డునే ఉంది. గదిలో నేనొక్కడినే ఉన్నాను. వద్దన్నాను.

బయలుదేరే రోజు పొద్దున సామాను బండిలో పెట్టారు. జయంతి ఎక్కి కూర్చుని, ఎన్నడూ లేనిది, తమిళంలో ఏమండీ అని నన్ను పిలిచి ఆ పని చెప్పింది. "ఏంగ, పాపను మీరు పిలుచుకోని రాండి. మీరు పిలిస్తే వెంటనే వస్తాది."

తాళం కోసం లోపలికి వెళ్ళాను. గది ఖాళీగా ఉంది. ఇక్కడితో ఇది ఆగిపోతే నా భార్య నాకు దక్కుతుంది అనిపించింది. నమ్మనివాడికి పిలిస్తేనేం, పిలవకపోతేనేం. అయినా కర్టెన్ వైపు చూడలేదు. తలుపు మూసి తాళం వేశాను. బండి దగ్గరికొచ్చి, పిలిచానని చెప్పాను.

ఇల్లు చేరాక జయంతి ప్రతి గదీ తిరిగి చూసింది. ఆ రోజునుంచి ఏ గుమ్మంలోనూ ఆగలేదు, ఎవరినీ పిలవలేదు. నేను కోరుకున్నది అదే. కానీ నాతో ఉన్న ఆ నాలుగు మాటలు కూడా పోయాయి.

నెల తిరక్కుండానే, మదురైలో పని ఉందని ఇంట్లో చెప్పి ఒక్కడినే అండమాన్ వెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆ గదిలో ఎవరో కొత్త దంపతులు దిగి ఉన్నారు. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఇసుకలో నిలబడి, మా అమ్మ పిలిచినట్టే మూడుసార్లు పిలిచాను. పెళ్ళికొడుకు వరండాలోకి వచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. ఇంకేమీ జరగలేదు. ఏడ్చుకుంటూ తిరుగు పడవెక్కాను.

ఎక్కడికి వెళ్ళానో ఈ రోజుకీ ఎవరికీ చెప్పలేదు. టికెట్టు కూడా ఇంట్లోవాళ్ళ కంటపడలేదు. జయంతికి ఎలా తెలిసిందో ఎంత ఆలోచించినా అంతుపట్టడం లేదు. ఇల్లు చేరిన సాయంత్రం తలుపు తీసిన జయంతి నా ముఖం చూడలేదు. నా పక్కన, నా నడుము ఎత్తులో చూసింది. చాలాసేపు చూసింది.

"అంత దూరం పోయి ఒంటిగా వచ్చినారే," అంది. "మీ మీద అలిగిందా?"