వదినకీ మరదలికీ మధ్య రిపుల్

ఎక్స్‌రే యంత్రాలకి హై వోల్టేజ్ పవర్ సప్లైలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో ఆమెని అందరూ కర్రక్క అంటారు. చేతిలో ఎప్పుడూ ఓ ప్లాస్టిక్ కర్ర, దాని చివర ఇత్తడి కొక్కెం, కొక్కేనికి ఎర్త్ తీగ. స్విచ్ ఆపేశాక కూడా ఆ పెట్టెల్లో కరెంటు దాక్కునే ఉంటుంది. ముందు కొక్కెం తగిలించి దాన్ని దించేస్తేగానీ ఆమె చెయ్యి పెట్టదు. చేరిన కొత్తలో ఓసారి అది మరిచిపోయి చెయ్యి పెడితే, షాక్ కొట్టి ఎగిరి వెళ్లి గోడకి గుద్దుకుంది. అప్పట్నుంచి కర్ర వదల్లేదు. భోజనానికి కూడా చంకలో పెట్టుకుని వెళ్తుందని పుకారు. ఆమె కాదనదు.

ఆమె పని తయారైన పెట్టెల్ని పరీక్షించడం. వాటిని డిజైన్ చేసేది సొంత వదిన. ఒకే ఇల్లు, ఒకే స్కూటర్, ఒకే ఫ్యాక్టరీ.

ఆ ఏడు వదిన యాభై వేల వోల్టుల కొత్త పెట్టె చేసింది. వోల్టేజీ ఎంత నిలకడగా వచ్చినా దాని మీద సన్నటి అల ఒకటి కదులుతూనే ఉంటుంది. దాన్నే రిపుల్ అంటారు. అది హద్దు దాటితే పెట్టె పనికిరాదు. కర్రక్క కొలిస్తే హద్దుకి మూడింతలు వచ్చింది. మొహమాటం లేకుండా ‘ఫెయిల్’ చీటీ అంటించింది.

వదిన వచ్చి, వోల్టేజీని వెయ్యో వంతుకి తగ్గించి చూపించే తన పెద్ద ప్రోబ్‌తో కొలిచింది. హద్దులో సగం కూడా లేదు.

“నీ కళ్లజోడు మార్చుకో,” అంది వదిన.

“నీ ప్రోబ్ మార్చుకో,” అంది మరదలు.

ఆ సాయంత్రం మరదలు బస్సులో ఇంటికొచ్చింది. అన్నయ్య పని అడకత్తెరలో పోకచెక్క అయింది.

“అన్నయ్యా, ఉప్పు ఇటివ్వమను.”

“ఎంత కావాలో ముందు సరిగ్గా కొలుచుకోమనండి మీ చెల్లెల్ని.”

అన్నయ్య ఉప్పు డబ్బా తీసుకెళ్లి వరండాలో కూర్చున్నాడు.

కర్రక్కకి మాత్రం అన్నం సయించలేదు. వదినకి నోటి దురుసుందిగానీ దొంగ లెక్క చూపించే మనిషి కాదు. మరి తేడా ఎక్కడుంది?

మర్నాడు పొద్దున్నే పెట్టె ఆన్ చేసింది. తన ప్రోబ్ మొనని ఇంక దేనికీ తాకించకుండా, దాని సొంత ఎర్త్ క్లిప్పుకే తగిలించింది. అప్పుడు, అలని గీతగా చూపించే స్కోప్ తెర మీద గీత చదునుగా పడుకోవాలి. పడుకోలేదు, ఎగిరెగిరి పడింది. ప్రోబ్ ఎర్త్ తీగ బారెడు పొడుగుండి, గాల్లోని గోలంతా ఏరియల్‌లా పట్టేస్తోంది. తను అలని కొలిచింది తక్కువ, గోలని కొలిచింది ఎక్కువ.

ఆమె మొహం ఎర్రబడింది. చీటీ పీకేసి ఊరుకోవచ్చు. పీకకుండా తిన్నగా వదిన గదికి వెళ్లింది.

“వదినా, నా కొలతలో తప్పుంది. వచ్చి చూడు.”

వదిన వచ్చి చూసింది. గెలిచిన నవ్వు నవ్వబోయి ఆగిపోయింది.

“నిన్న నాకూ నిద్ర పట్టలేదే,” అంది. “నా ప్రోబ్ వేగంగా కదిలే అలల్ని మింగేస్తుందేమోనని అనుమానం. చెప్పడానికి మొహం చెల్లలేదు.”

ఇద్దరూ కలిసి మళ్లీ మొదలుపెట్టారు. కర్రక్క కొక్కెం తగిలించి పెట్టెని ఖాళీ చేసింది. యాభై వేల వోల్టుల్నీ అడ్డగించి అలని మాత్రమే వదిలే కెపాసిటర్‌ని వదిన బిగించింది. ప్రోబ్ ఎర్త్ తీగని వేలెడుకి కుదించారు. పెట్టె ఆన్ చేసి దూరంగా నిలబడ్డారు.

కొలత మరదలు చెప్పినంతా లేదు, వదిన చెప్పినంతా లేదు. హద్దుని కాస్త దాటి ఉంది.

“అయితే ఫెయిలే,” అంది మరదలు, కొంచెం మెల్లిగా.

“కొంచెం ఫెయిల్,” అంది వదిన. “ఇంకో ఫిల్టర్ పెడితే సరి.”

వారం తిరక్కుండా పెట్టె పాసై లారీ ఎక్కింది. అది గేటు దాటగానే ఇద్దరూ సెలవు పెట్టి మ్యాట్నీకి పోయారు. అన్నయ్యని పిలవలేదు. ఇంట్లో కాసేపు నిశ్శబ్దంగా ఉంటుందని ఆయన కూడా ఏమీ అనుకోలేదు.